హార్బరు కాటా చెప్పిన బరువు

1996 వానాకాలంలో నన్ను పోర్టు వార్తల నుంచి తప్పించి స్పోర్ట్స్‌కి వేశారు. అప్పటికి తొమ్మిదేళ్లుగా మా దినపత్రిక విశాఖపట్నం ఎడిషన్‌కి ఏ ఓడ ఏ బెర్తులో ఉంది, ఏ సరుకు దించుతోంది, ఎప్పుడు బయల్దేరుతుంది అన్నవి రాసేవాణ్ణి. ఓడల పట్టికలో ఒక్క అంకె తప్పితే పొద్దున్న ఏడింటికల్లా షిప్పింగ్ ఏజెంట్ల ఫోన్లు మోగేవి. స్పోర్ట్స్‌లో ఆ బాధ లేదనీ, అంకె తప్పినా అడిగేవాడుండడనీ నాకు ముందు ఆ పని చూసిన మిత్రుడు భరోసా ఇచ్చాడు. రెండు నెలలు తిరక్కుండానే నేను అచ్చేసిన ఒక అంకెకు సవరణ వేసుకోవాల్సి వచ్చింది. ఆ అంకె ఒక అమ్మాయి బరువు.

అప్పట్లో స్పోర్ట్స్ పేజీలో ముప్పాతిక వంతు క్రికెట్. మిగిలిన పాతికలో టెన్నిస్, చదరంగం, బయటి దేశాల ఫుట్‌బాల్ పోగా అట్టడుగున రెండు కాలాల జాగా స్థానిక క్రీడలకు దక్కేది. ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ అప్పుడప్పుడే పుంజుకుంటోంది. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు ఆ ఏడాది విశాఖలోనే పెడుతున్నారని తెలిసి మా ఎడిషన్ ఇన్‌చార్జి నన్ను పిలిచారు. కంచరపాలెంలో పైడయ్య అనే కోచ్ దగ్గర మంచి లిఫ్టర్ ఉందట, వెళ్లి చూసి రాయమన్నారు.

వెళ్లాను. రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు. నేల మీద, పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు పరిచి మేకులు కొట్టారు. గూడ్సు బండి పోతున్నప్పుడల్లా గోడకి ఆనించిన ఇనప బార్లు సన్నగా మోగేవి. పైడయ్య రైల్వేలో ఫిట్టరు. నలభై ఆరేళ్లు, పొట్టి మనిషి, మెడ ఉందా లేదా అన్నట్టు భుజాలు. మధ్యాహ్నం రెండు గంటలకి షిఫ్టు దిగి, నాలుగింటికి షెడ్డు తెరిచేవాడు. డిప్లొమా లేదు, సర్టిఫికెట్ లేదు. కుర్రతనంలో ఒక సీనియర్ దగ్గర ఎత్తడం నేర్చుకున్నాడు. మిగతాదంతా గోడ మీద అంటించిన ఒక చిరిగిన చార్టులోని పదహారు బొమ్మలు చూసి నేర్చుకున్నదే. బారుకి తొడిగే ఇనప డిస్కులు చాలామటుకు తనే లేత్ మీద తిప్పి చేసుకున్నాడు.

ఆ ఆట సంగతి నాకు ఆయనే చెప్పాడు. ఎత్తడాలు రెండు రకాలు. నేల మీది బారుని ఒక్క ఊపున తల మీదికి తీసుకెళ్తే స్నాచ్. ముందు భుజాల మీదికి తెచ్చుకుని, ఆగి, అక్కణ్ణించి తల మీదికి తోస్తే క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదానికి మూడు అవకాశాలు. రెండింటిలోనూ అత్యధికంగా ఎత్తినవి కలిపితే మొత్తం. ఎవరితో ఎవరు పోటీ పడాలో తేల్చేది ఒంటి బరువు. ఇద్దరి మొత్తం సమానమైతే ఒంటి బరువు తక్కువున్న వాళ్లే గెలిచినట్టు. ఈ ఆఖరి నిబంధన నేను అప్పుడు నోట్ చేసుకున్నాను గానీ పెద్దగా పట్టించుకోలేదు.

షెడ్డు లోపల ఒక రేకు బోర్డు మీద ఎర్రరంగుతో "జిమ్ములో మాట్లాడరాదు" అని రాసి ఉంది. ఒకసారి ఇద్దరు కబుర్లలో పడి బారు జారవిడిస్తే ఒకడి కాలివేలు నలిగిందట. ఆ రోజు నుంచి బోర్డు. అక్కడ ఇరవై మంది సాధన చేస్తుంటే వినిపించేది ఇనుము చప్పుడూ, పైడయ్య గొంతూ మాత్రమే.

"బారు తొడకి రాసుకుని పైకెల్లాల! నీకూ దానికీ మజ్జిన గాలి దూరకూడదు!" అని అరిచేవాడు. నిజం చెప్పాలంటే ఆయన చూపు చాలా గొప్పది. వెనక్కి తిరిగి నిలబడి, చప్పుడు బట్టి ఎవరి మోకాలు ముందే వంగిందో చెప్పగలడు.

శిష్యులు మిమ్మల్ని ఏమీ అడగరా అన్నాను.

"ఏటడుగుతారు బాబూ? సూత్తాను, సెప్తాను. నాకు కళ్లుంటే సాలు, ఆలకి నోరక్కర్లేదు."

మా ఇన్‌చార్జి చెప్పిన లిఫ్టరు పేరు నూకరత్నం. పందొమ్మిదేళ్లు. జాలరిపేట పిల్ల. తండ్రి సముద్రంలో చేపల వేటకి పోతాడు, తల్లి హార్బరులో చేపలు కొని గంపతో వీధుల్లో అమ్ముతుంది. పదేళ్ల వయసు నుంచీ ఐసు దిమ్మలు, చేపల టబ్బులు ఎత్తిన ఒళ్లు. ఆ ఏడాది నగరంలోని ఒక ప్రభుత్వరంగ సంస్థ స్పోర్ట్స్ కోటాలో ఇద్దరు మహిళా లిఫ్టర్లను తీసుకుంటామని ప్రకటించింది. దరఖాస్తుకి జాతీయ పోటీల్లో పాల్గొన్న సర్టిఫికెట్ ఉండాలి. జాతీయ పోటీలకు వెళ్లాలంటే ఎంపిక పోటీల్లో తన బరువు తరగతిలో మొదటి స్థానం రావాలి. సాధనలో నూకరత్నం స్నాచ్ అరవై అయిదు, జెర్క్ ఎనభై రెండున్నర. యాభై నాలుగు కిలోల తరగతిలో రాష్ట్రంలో అంత మొత్తం ఎత్తినవాళ్లు ఎవరూ లేరు. దానిపైన యాభై తొమ్మిది తరగతిలో మాత్రం ఇంతకంటే పాతిక కిలోలు ఎక్కువ ఎత్తే ఆమె ఒకతె ఉంది. అంటే ఆ పిల్ల ఉద్యోగం యాభై నాలుగు కిలోల గీతకి ఇవతల ఉందన్నమాట.

ఆ గీత దాటకుండా పైడయ్య ప్రతి ఆదివారం ఆమెను తూచేవాడు. షెడ్డులో స్ప్రింగు మిషను ఒకటుంది గానీ దాన్ని నమ్మడు. మంచి మిషను స్టేడియంలో ఉంది. అయితే అది శారదగారి గదిలో ఉంది. శారదగారు ప్రభుత్వం వేసిన కోచ్. విజయనగరం మనిషి, ఇరవై ఏడేళ్లు, పది నెలల కోచింగ్ డిప్లొమా చేసి వచ్చింది. తన పిల్లల్లో ఒక్కొక్కరికీ ఒక పేజీ పెట్టి తిండి, నిద్ర, బరువు, నెలసరి అన్నీ ఒక రిజిస్టరులో రాస్తుంది. పైడయ్య ఆమెను "పుస్తకం మేడం" అనేవాడు. ఆమె గదికి వెళ్లి మిషను అడగడమంటే ఆయనకి ప్రాణం పోయినంత పని. కాబట్టి ఆదివారం పొద్దున్నే సైకిలేసుకుని ఫిషింగ్ హార్బరుకి పోయేవాడు. అక్కడ తూనికల శాఖ ముద్ర ఉన్న ఇనప ప్లాట్‌ఫారం కాటా ఉంది. ఫిట్టరు కాబట్టి ఇనుమంటే గురి.

ఒక ఆదివారం నేనూ వెళ్లాను. చేపల వేలం ముగిసి, తూకాలు జరుగుతున్నాయి. నూకరత్నం చెప్పులు విడిచి కాటా ఎక్కింది. చుట్టూ పదిమంది చేరారు.

"మాస్టారూ, ఈ సేప కిలో ఎంతకిత్తారు?" అన్నాడొకడు.

"నీ సేతిలో ముల్లు దిగుద్ది, దూరంగుండు బావా" అన్నాడు పక్కవాడు.

నూకరత్నం తల్లి గంప దించి ఇద్దర్నీ కలిపి తిట్టింది. పైడయ్య ఇవేవీ పట్టించుకోకుండా గుండు జరిపి, ముల్లు నిలబడే దాకా చూసి, "యాబై మూడు కిలోల రెండొందలు" అని ప్రకటించాడు. నేను రాసుకున్నాను. మర్నాడు అట్టడుగున రెండు కాలాల్లో "53.2 కిలోల బంగారు ఆశ" అన్న శీర్షికతో వార్త వచ్చింది. శీర్షిక కూడా నాదే.

పోటీల రోజు యాభై నాలుగు కిలోల తరగతి మధ్యాహ్నం రెండింటికి. తూకం రెండు గంటల ముందు మొదలై సరిగ్గా గంటసేపు జరుగుతుంది. ఆ గంటలో బరువు ఎక్కువ వచ్చినవాళ్లు ఎన్నిసార్లయినా మళ్లీ ఎక్కవచ్చు. గంట దాటితే ఆ తరగతిలో పేరుండదు. ఆడపిల్లల్ని తూచే గదిలోకి మగవాళ్లకి ప్రవేశం లేదు. అందువల్ల నేనూ పైడయ్యా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆయన జేబులోంచి పల్లీలు తీసి నాకూ ఇచ్చాడు. మనసు అంత నిమ్మళంగా ఉంది.

అయిదు నిమిషాల్లో తలుపు ఓరగా తెరిచి మహిళా అధికారి ఒకామె, "నూకరత్నం కోచ్ ఎవరండీ? యాభై నాలుగు ఏడొందలు వచ్చింది" అంది.

పైడయ్య పల్లీలు నమలడం ఆపాడు. ఆ వెంటనే ఆయనకి కోపం వచ్చింది. మీ మిషను తప్పన్నాడు, ఎక్కడో పడేసిన మిషను తెచ్చి పిల్లల బతుకులతో ఆడుతున్నారన్నాడు. అధికారి ఓపికగా, కావలిస్తే పరీక్ష చేసుకోమంది. పైడయ్య పోటీ బారుకి వాడే ఇరవై కిలోల డిస్కు ఒకటి తీసుకొచ్చి తలుపులోంచి అందించాడు. లోపల పెట్టి చూసి సరిగ్గా ఇరవై అని చెప్పారు. ఇంకోటి అందించాడు. నలభై అన్నారు. మూడోది తేవడానికి వెళ్లబోయి ఆగిపోయాడు. ఇనుము చెప్పాక ఆయన దగ్గర ఇంక వాదన లేదు.

అప్పుడు తలుపు వెనక నుంచి నూకరత్నం గొంతు వినిపించింది.

"మాస్టారూ... టబ్బు కలుపుకోలేదేటండీ?"

"టబ్బేటి?"

"హార్బరు కాటా టబ్బుకి కట్టీసుంటాది కదండీ. కాలీ టబ్బెట్టితే సున్నా సూపిత్తాది. సేప బరువొకటే తేలాలని అలాగ కట్టీసుంచుతారు. టబ్బు కిలోన్నర."

అదీ సంగతి. హార్బరులో ఖాళీ కాటాని ఎవరూ చూడరు. ఎప్పుడూ టబ్బుతోనే తూస్తారు కనుక, దాని బరువు ప్రతిసారీ తీసెయ్యనక్కర్లేకుండా కాటాని ముందే సర్ది ఉంచుతారు. అక్కడ పుట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన విషయం. టబ్బు లేకుండా మనిషి ఎక్కితే కిలోన్నర తక్కువ చూపిస్తుంది. రెండు నెలల నుంచి ఎనిమిది ఆదివారాలు చుట్టూ పదేసి మంది నిలబడి చూశారు. మాస్టారు కలుపుకుంటున్నాడనే అందరూ అనుకున్నారు.

"తెలిసి సెప్పవేటే గుంటా?" అన్నాడు పైడయ్య.

"మీకు తెల్సుననుకున్నాను. ఒకసారి అడుగుదామనుకున్నాను గానీ... జిమ్ములో మాటాడకూడదు కదండీ."

"అది జిమ్ముటే? అది హార్బరు!"

"మీరెక్కడుంటే అదే జిమ్మని మాకు బయ్యం మాస్టారూ."

నేను నవ్వు ఆపుకుని నోట్‌బుక్ లోకి చూశాను. అందులో నా చేతిరాతతో 53.2 అని ఉంది. దాంతో నవ్వు దానంతటదే ఆగింది. పైడయ్యకి కళ్లు ఎందుకూ పనికిరాలేదు సరే, నేనేం చేశాను? కాటా చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒక్కణ్ణి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. ఓడల పట్టిక రాసేటప్పుడు ప్రతి అంకెనూ రెండు చోట్ల సరిచూసేవాణ్ణి.

ఏడొందల గ్రాములు. నలభై రెండు నిమిషాలు. పైడయ్యకి తెలిసిన పద్ధతి ఒకటే. రెయిన్‌కోటు తొడిగి పరుగెత్తించడం, నీళ్లు ఇవ్వకపోవడం. ఆయన రెయిన్‌కోటు కోసం సైకిలు దగ్గరికి పరుగెడుతుంటే శారదగారు ఎదురొచ్చింది. ఆ తరగతిలో ఆమె పిల్లలెవరూ లేరు. "పైడయ్యగారూ, నేను లోపలికెళ్లొచ్చా?" అని అడిగింది. ఆయన తల ఊపాడు. ఊపడానికి ఆయనకెంత కష్టమైందో పక్కనున్న నాకు తెలుసు.

ఆమె తలుపు దగ్గరే నిలబడి నూకరత్నాన్ని వరసగా అడిగింది. పొద్దున్నించి ఏం తిన్నావు? ఏం తాగావు? బాత్రూముకి ఎప్పుడెళ్లావు? ఒంట్లో ఎలా ఉంది? జవాబులు పైడయ్య కూడా అప్పుడే విన్నాడు. బలం వస్తుందని తల్లి చెంబుడు అంబలి తాగించింది, దారిలో రెండు కొబ్బరిబొండాలు కూడా. మాస్టారు పోటీ రోజు ఏం తినాలో చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

"ముందు బాత్రూముకి వెళ్లిరా. దాంతోటే మూడోవంతు పోతుంది" అంది శారదగారు. తర్వాత రెయిన్‌కోటు తొడిగి మెట్లు ఎక్కించి దించింది, పరుగు వద్దంది. కాళ్లలో సత్తువ జెర్క్‌కి మిగలాలి అని పైడయ్యకి చెప్పింది. నిమ్మచెక్క చప్పరించి ఉమ్మమంది. విశాఖ ఉక్కపోత గురించి అన్నాళ్లూ విసుక్కున్నవాణ్ణి, ఆ రోజు మాత్రం దానికి దణ్ణం పెట్టాను. పన్నెండు నిమిషాలుందనగా యాభై నాలుగు రెండొందలు. ఆరు నిమిషాలుందనగా యాభై నాలుగు కిలోల యాభై గ్రాములు. ఆపైన చెమట రాలేదు.

కూతురి వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ తల్లి అప్పుడు ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి కత్తెర అందుకుంది. నూకరత్నానికి నడుం దాకా జడ. అధికారి అయ్యో అంది.

"ఓలమ్మా, జుత్తు మల్లీ మొలుత్తాది. ఉజ్జోగం మొలుత్తాదేటి?" అంది తల్లి. ఒక్క కోతకి జడ తెగలేదు, నాలుగు కోతలు పట్టింది.

యాభై మూడు కిలోల తొమ్మిది వందల యాభై. ఒక నిమిషం మిగిలి ఉంది.

తర్వాతి గంటలో ఉప్పు వేసిన మజ్జిగ, గ్లూకోజు నీళ్లు కొంచెం కొంచెంగా పట్టారు. మొదటిసారి ఎంత ఎత్తుతామో కోచ్ ఒక కార్డు మీద రాసివ్వాలి. పైడయ్య అప్పటికే స్నాచ్‌కి అరవై అయిదు అని రాసి ఉంచాడు. శారదగారు చూసి, ఇంత నీరు పోయాక అది ప్రమాదం, మూడూ తప్పితే అసలు మొత్తమే ఉండదు, అరవైతో మొదలుపెట్టమంది. పైడయ్య ఆ అంకె కొట్టేసి అరవై అని రాశాడు.

నూకరత్నం అరవై ఎత్తింది. అరవై రెండున్నర ఎత్తింది. అరవై అయిదు వెనక్కి పడిపోయింది. జెర్క్‌లో డెబ్బై అయిదు, తర్వాత డెబ్బై ఏడున్నర. మొత్తం నూట నలభై. గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి స్నాచ్‌లో అరవై, జెర్క్‌లో ఎనభై ఎత్తి అదే నూట నలభైతో ముగించింది. ఆమె ఒంటి బరువు యాభై మూడు కిలోల నూరు గ్రాములు. సమానమైతే తేలికైనవాళ్లదే గెలుపు. నూకరత్నానికి ఇంకో అవకాశం ఉంది. ఎనభై ఎత్తాలి.

ఆమె వంతు రావడానికి రెండు నిమిషాలుంది. ఆ రెండు నిమిషాల్లో పైడయ్య ఎప్పుడూ చేసే పని మెడ వెనక తడిగుడ్డతో తుడుస్తూ చెవిలో నాలుగు ఆజ్ఞలు ఇవ్వడం. ఆ రోజు ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, "నూకీ, ఎలాగుందే? నువ్వే సెప్పు" అన్నాడు.

ఆ పిల్లకి ముందు అర్థం కాలేదు. తర్వాత గబగబా చెప్పింది. "భుజం మీదికి తెచ్చీగలను మాస్టారూ. మోకాళ్లు వనికిపోతన్నాయి. తెచ్చాక ఊపిరి తీసుకోడానికి కూసింత ఆగుతాను, మీరు 'తొయ్యి' అని అరవకండి. మీరరిత్తే తొందరపడిపోతన్నాను."

"అరవను" అన్నాడు.

అరవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఎనభైని భుజాల మీదికి తెచ్చి, లేచి, ఆగి, ఊపిరి తీసుకుని పైకి తోసింది. బారు తల మీద నిలిచింది. అయితే ఆఖర్న కుడి మోచెయ్యి కొంచెం మడతపడి, మళ్లీ సాగింది. చెయ్యి ఒకేసారి నిటారు కావాలన్నది నిబంధన. ముగ్గురు రిఫరీల్లో ఒకరు తెల్లదీపం, ఇద్దరు ఎర్రదీపం నొక్కారు, దాంతో ఆ ఎత్తు చెల్లలేదు.

గుంటూరు అమ్మాయి జాతీయ పోటీలకి వెళ్లింది. నూకరత్నం ఆ ఏడాది దరఖాస్తు పెట్టలేకపోయింది. హాలు బయట తల్లి కొంగులో జడ మూటకట్టుకుని ఆటో ఎక్కింది. పైడయ్య శారదగారితో ఒక్క మాటన్నాడు: "అరవై అయిదుతో మొదలెట్టుంటే మూడూ పోయుండేవి మేడం." నేను ఆఫీసుకి వెళ్లి ఫలితంతో పాటు, వెనకటి వార్తలో ఇచ్చిన బరువు తప్పని రెండు వాక్యాల సవరణ రాశాను. ఇన్‌చార్జి చదివి, దీన్నెవరూ అడగలేదు కదయ్యా అన్నారు. అయినా వేశారు.

మరుసటి వేసవిలో పైడయ్య సెలవు పెట్టి హైదరాబాదులో ఆరు వారాల కోచింగ్ కోర్సుకి వెళ్లాడు. దరఖాస్తు నింపింది శారదగారు. పాఠాలు ఇంగ్లీషులో, పక్కన కూర్చున్నవాళ్లంతా పాతికేళ్లలోపు వాళ్లు. మూడో వారంలో నాకు కార్డు రాశాడు. కండంటే ఇన్నాళ్లూ మాంసమనుకున్నాననీ, అందులో ముప్పాతిక నీళ్లేననీ, ఆ రోజు ఆ నీళ్లే ఆ గుంట కండలోంచి తీసేశామనీ అందులో ఉంది. ప్రాక్టికల్‌లో ఆయనే ఫస్టు, రాతపరీక్ష తప్పాడు. మళ్లీ రాసి గట్టెక్కాడు. తిరిగొచ్చాక రేకు బోర్డు తీసేసి అక్కడ పలక వేలాడదీశాడు. రోజూ ఎవరి బరువు వాళ్లే దాని మీద రాయాలి. శారదగారు ఆదివారాలు తన పిల్లల్ని ఆ షెడ్డుకి తీసుకురావడం మొదలుపెట్టింది. బారుని ఒంటికి దగ్గరగా లాగడం పైడయ్యలా చెప్పేవారు తన డిప్లొమాలో కూడా లేరని ఆమే నాతో అంది.

తర్వాతి ఏడాది ఎంపిక పోటీల్లో నూకరత్నం మొదటి స్థానంలో వచ్చింది. ఉద్యోగం మరో ఏడాదికి, ఇంకో సంస్థలో వచ్చింది.

ఆ తర్వాత పదకొండేళ్లు స్పోర్ట్స్‌లో ఉన్నాను. ఎందరో కోచ్‌ల గురించి రాశాను. ఎన్ని పతకాలు, ఏ డిప్లొమా అన్నవి ఆఖర్న అడిగేవాణ్ణి. ముందు వాళ్ల శిష్యుల్ని పక్కకి పిలిచి, మీ కోచ్ పొరబాటు పడితే ఆయనకి ఎవరు చెబుతారు అని అడిగేవాణ్ణి. ఎవరో ఒకరు "నేను చెబుతాను" అంటే, ఆ కోచ్‌కి చదువు వచ్చునని రాసుకునేవాణ్ణి. జవాబు కోసం వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటే, ఆయన చెప్పిన అంకెల్ని మరో చోట సరిచూశాకే అచ్చుకి ఇచ్చేవాణ్ణి.